ఊరి గుట్ట మీదికి గాలిమరలు వస్తున్నాయంటే: అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి, ఎలా రాయాలి

అనంతపురం, శ్రీ సత్యసాయి, కర్నూలు, నంద్యాల జిల్లాల్లో గాలిమర కంటే ముందే దాని గుర్తులు ఊరికి వస్తాయి. మొదట గుట్ట నెత్తిన సన్నటి ఇనుప స్తంభం ఒకటి లేస్తుంది, చుట్టూ తీగలు లాగి కడతారు. అది సెల్ టవర్ కాదు, గాలి కొలిచే మాస్ట్. ఏడాదో రెండేళ్లో అది అక్కడే ఉంటుంది. తర్వాత ఏజెంట్లు పాసు పుస్తకాల జిరాక్సులు అడుగుతూ తిరుగుతారు. ఆపైన సర్వేవాళ్లు రంగు పూసిన రాళ్లు పాతుతారు. అప్పుడు జేసీబీ వస్తుంది. రెక్కలు అన్నిటికన్నా చివర వస్తాయి.

చాలా ఊళ్లు రెక్కల లారీ మలుపులో ఇరుక్కున్న రోజు మేలుకుంటాయి. అప్పటికి గుట్ట కోసేసి ఉంటారు, వంక పూడ్చేసి ఉంటారు, కొన్ని వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పోసేసి ఉంటారు. ఏ కోర్టయినా ఆ దశలో పని పూర్తిగా ఆపడానికి వెనకాడుతుంది. ఆపగలిగేది, మార్చగలిగేది రాళ్లు పాతిన రోజు నుంచి జేసీబీ దిగే రోజు లోపల.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, అక్కడ మాట్లాడదాం అని ఎదురుచూడకండి. అది రాదు. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని వైట్ కేటగిరీలో, అంటే కాలుష్యం దాదాపు లేని పరిశ్రమల వరసలో పెట్టింది. గని తవ్వాలన్నా, సిమెంటు ఫ్యాక్టరీ కట్టాలన్నా ఊరి ముందుకు వచ్చి చెప్పాల్సినవాళ్లు, గాలిమరకు ఆ పని చెయ్యక్కర్లేదు. అందుకే అభ్యంతరం మనమే తయారుచేసి, మనమే తీసుకెళ్లి ఇవ్వాలి.

ఏం వద్దంటున్నారో ముందు తేల్చుకోండి

"మా ఊళ్లో గాలిమరలు వద్దు" అని రాసిన అర్జీ ఫైల్లోకి పోయి అక్కడే ఉంటుంది. "సర్వే నంబరు ఫలానాలో పాతిన రాయి మా వంక పోరంబోకులో ఉంది, జాయింట్ సర్వే చేయించండి" అని రాస్తే తహసీల్దారు జవాబు చెప్పక తప్పదు. ఒక్కో గాలిమర పెట్టే చోటును కంపెనీవాళ్లు లొకేషన్ అంటారు, దానికి ఒక నంబరు ఉంటుంది. మీ పోరాటం కూడా లొకేషన్ వారీగా సాగాలి. ఇరవై లొకేషన్లలో ఏవి అసలు కూడదు, ఏవి జరిపితే చాలు, ఏవి షరతులతో పర్వాలేదు అని ఊరు కూర్చుని మూడు వరసలు రాసుకోవాలి. భూమి అమ్ముకున్నవాళ్లూ ఊరివాళ్లే. వాళ్లను శత్రువుల్ని చేసుకుంటే ఏజెంటుకు సగం పని మీరే చేసిపెట్టినట్టు.

నేల ఎవరిదో కాగితం మీద చూడండి

రాయి పాతిన ప్రతి చోటా ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి, అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీ కొలతల పటం) దగ్గర పెట్టుకుని ఆ రాయి ఏ సర్వే నంబరులో పడుతుందో గుర్తించండి. తర్వాత ఆ నంబరుకు అడంగల్ (సాగు లెక్క), 1బీ (హక్కుల నమోదు), ఈసీ (రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) చూడండి. వీటితో ఆగొద్దు. పాత ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టరు), అంటే డైగ్లాట్ నకలు తీసుకోండి. ఆన్‌లైన్లో పట్టాగా కనిపించే నంబరు డైగ్లాట్లో మేత పోరంబోకు అనో వంక అనో ఉండటం కొత్త కాదు.

డీకేటీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డ్ భూములు, వేరే కథ. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. "అమ్మడం లేదు కదా, లీజే కదా" అని ఏజెంటు చెప్పే మాట అక్కడ చెల్లదు. 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన కేటాయింపుల బదలాయింపుకు దారి తెరిచింది. ఆ భూమికి అది వర్తిస్తుందో లేదో తహసీల్దారు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. ఇక ఏడాదికి మించిన లీజు ఏదైనా రిజిస్టరు కావాల్సిందే. తెల్లకాగితం మీద, పాత స్టాంపు పేపరు మీద, ఖాళీలు వదిలిన ఫారం మీద సంతకం పెట్టిన రైతులుంటే ఆ కాగితం నకలు వెంటనే అడగండి.

బంజరు, గయాళు, గుట్ట పోరంబోకు అని రాసి ఉన్న నేల దగ్గరే అసలు కష్టం. రికార్డులో అది ఎవరికీ పనికిరాని భూమి. చెన్నేకొత్తపల్లి, రొద్దం ప్రాంతంలోని కల్పవల్లి గుట్టలు అలాంటివే. 1990ల నుంచి ఊళ్లు కాపాడుకుని మేతా చెట్టూ తిరిగి తెచ్చుకున్న నేల అది, కాగితంలో మాత్రం బంజరే. 2010 తర్వాత గాలిమరలు ఆ గుట్టల నెత్తికెక్కాయి, వాటికోసం వేసిన రోడ్లతో గడ్డీ నీటిదారులూ చెదిరిపోయాయి. కాబట్టి గొర్రెల కాపర్ల వాడుకను ముందే కాగితం మీదికి తేవాలి. ఏ మంద ఏ నెలలో ఏ గుట్టకు పోతుంది, ఎన్ని జీవాలు, నీళ్లు ఎక్కడ తాగుతాయి, డొంక ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుంది అన్నది గ్రామ పటం జిరాక్సు మీద రంగు పెన్నుతో గీయండి. పశువైద్యశాలలో టీకాల రిజిస్టరు ఉంటుంది, జీవాల లెక్కకు అది సాక్ష్యం. ఆ పటాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానంలో కలపండి. ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అర్జీలో ఆ తీర్పు పేరు, తేదీ రాయండి.

సమాచార హక్కు కింద ఏం అడగాలి

పంచాయతీకి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. "ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి" అంటే ఒక పేజీ ఇచ్చి పంపుతారు. కాగితం పేరు చెప్పి అడగండి. నెడ్‌క్యాప్‌ను (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ) లొకేషన్ల జాబితా అక్షాంశ రేఖాంశాలతో, టవర్ ఎత్తు, రెక్కల చుట్టు వ్యాసం అడగండి. తహసీల్దారును ఆ నంబర్లకు ఇచ్చిన ఎన్‌ఓసీలు, ప్రభుత్వ భూమి కేటాయింపు ఫైలు నోట్‌షీటుతో సహా అడగండి. పంచాయతీ కార్యదర్శిని తీర్మానం నకలు, ఆ రోజు హాజరు పట్టీ అడగండి. హాజరు పట్టీ తప్పనిసరి, ఊరికి తెలియని తీర్మానాలు బయటపడేది అక్కడే. గనుల శాఖను రోడ్డుకు వాడే గ్రావెల్ అనుమతి, అటవీ శాఖను వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్ల నరికివేత అనుమతి అడగండి. ఈ చివరి రెండూ చిన్నవిగా కనిపిస్తాయి కానీ, పని ముందే మొదలుపెట్టిన చోట ఎక్కువసార్లు దొరికే లోపాలు ఇవే.

గుట్ట రిజర్వు ఫారెస్టు అయితే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు పరివేష్‌లో దరఖాస్తు ఉంటుంది. అటవీ హక్కుల చట్టం వర్తించే చోట గ్రామసభ సమ్మతి లేకుండా అటవీ భూమి మళ్లించకూడదని 2009 ఆగస్టులో కేంద్రం ఆదేశించింది.

దూరం కొలవడం

కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2016 మార్గదర్శకాల్లో రెండు లెక్కలున్నాయి. రోడ్డు, రైలు పట్టా, భవనం, అతి ఎక్కువ వోల్టేజీ (ఈహెచ్‌వీ) లైను నుంచి ఉండాల్సిన దూరం: టవర్ ఎత్తు, దానికి రెక్కల చుట్టు వ్యాసంలో సగం, ఇంకో 5 మీటర్లు. 120 మీటర్ల టవర్, 120 మీటర్ల వ్యాసం అయితే 120, 60, 5 కలిపి 185 మీటర్లు. 140, 140 అయితే 215. శబ్దం కోసం ఇళ్ల నుంచి 500 మీటర్లు. ఇది చట్టం కాదు, మార్గదర్శకం. అయినా కంపెనీ రాసుకున్న ఎత్తుకు ఈ లెక్క వేసి, తగ్గిన దూరాన్ని మీటర్లలో చూపిస్తే అధికారికి దాటవేసే వీలుండదు. కొలత టవర్ మధ్య నుంచి ఇంటి గోడ వరకు తీయాలి, ఊరి పొలిమేర వరకు కాదు. చేలల్లో కాపురముండే ఇళ్లను లెక్కలో వదిలేస్తుంటారు. వాటి ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు జత చేయండి.

వంక దాటే చోటు

గాలిమర పునాది కంటే రోడ్డు ఎక్కువ నష్టం చేస్తుంది. యాభై అరవై మీటర్ల రెక్క గుట్ట ఎక్కాలంటే రోడ్డు ఐదారు మీటర్ల వెడల్పుండాలి, మలుపుల్లో అంతకు రెండు మూడింతలు. కోసిన మట్టిని పల్లం వైపు తోసేస్తారు. మొదటి వానకే అది కిందికి దిగి కుంటలోనో చేలోనో మేట వేస్తుంది.

రోడ్డు వంకను దాటే ప్రతి చోటా నిలబడి చూడండి. వంక వెడల్పు, గట్టు ఎత్తు టేపుతో కొలవండి. గట్టు మీద చెత్త పట్టుకున్న గీత కనిపిస్తుంది, పోయిన వరదకు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అది చెబుతుంది. టేపు పెట్టి, పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఫొటో తీయండి. ఇప్పుడు కంపెనీ వేసిన తూము చూడండి. మట్టికట్ట మధ్యలో 300 మిల్లీమీటర్ల పైపు ఒకటి పెట్టి ఉంటే, ఒక తుమ్మకొమ్మ అడ్డం పడితే చాలు, మూసుకుపోతుంది. నీళ్లు కట్టను తెంచుకునో పక్క చేలోకి మళ్లో పోతాయి. 900 మిల్లీమీటర్ల పైపుకు మూడు రెట్ల వ్యాసమే అయినా నీటిదారి తొమ్మిది రెట్లు. వెడల్పాటి వంకకు అలాంటివి వరసగా కావాలి, లేదా నీళ్లు పైనుంచి పారేలా కాంక్రీటు కాజ్‌వే కావాలి. "సరైన డ్రైనేజీ ఏర్పాటు చేయాలి" అని రాయకండి. ఎన్ని పైపులు, ఎంత వ్యాసం, ఏ సర్వే నంబరు దగ్గర, ఏ నెలలోపు అని రాసి, చిన్ననీటి పారుదల ఏఈ చేత తనిఖీ చేయించమని అడగండి. మా అంచనాలో ఊళ్లు ఎక్కువగా గెలిచే అభ్యంతరం ఇదే, ఎందుకంటే నష్టం కంటికి కనిపిస్తుంది.

అర్జీ

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి (తెలంగాణలో ప్రజావాణి). ఒక్కో సమస్యకు ఒక్కో అర్జీ, పేజీన్నర దాటకుండా. నమూనా:

"కలెక్టర్ గారికి. ... గ్రామం, సర్వే నం. ... లో లొకేషన్ నం. ... కోసం ... తేదీన రాళ్లు పాతారు. డైగ్లాట్ ప్రకారం ఈ నంబరు వంక పోరంబోకు (నకలు జత). మా ... కుంటకు నీళ్లు వచ్చేది ఈ వంక నుంచే, దాని కింద ... ఎకరాల ఆయకట్టు ఉంది. కావున జాయింట్ సర్వే జరిపి నివేదిక ఇచ్చేవరకు ఈ నంబరులో మట్టిపని ఆపించవలసిందిగా, సర్వే రోజు మాకు ముందుగా నోటీసు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము."

జత చేసిన కాగితాలకు వరస నంబర్లు వేయండి. అర్జీ మీద సగం సంతకాలు అమ్మలవీ అక్కలవీ అయితే ఇంకా మంచిది, కుంటా మేతా పోతే ముందు మోసేది వాళ్లే.

అర్జీలో రాయకూడనిదీ ఒకటుంది: గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తున్నాయన్న మాట. వాన కోసం ఆకాశం చూసే సీమ రైతుకు ఆ అనుమానం ఎందుకొస్తుందో అర్థం చేసుకోవచ్చు. కానీ వానమబ్బులు సాధారణంగా రెక్కలకు చాలా పైన ఉంటాయి. అనంతపురం ప్రాంతానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడటానికి కారణం పడమటి కనుమల వర్షచ్ఛాయ, అది గాలిమరలకు ముందునుంచీ ఉన్నదే. ఆ ఒక్క వాక్యం పట్టుకుని మిగతా అర్జీ అంతా కొట్టేస్తారు.

లైన్లు, శబ్దం

గాలిమరల నుంచి సబ్‌స్టేషన్‌కు 33 కేవీ లైన్లు, అక్కడి నుంచి పెద్ద లైన్లు పోతాయి. చేలో స్తంభం వేయడానికి వస్తే 2003 విద్యుత్ చట్టం 164 సెక్షన్ ఉత్తర్వు చూపించమనండి. అది లేకపోతే యజమాని సమ్మతి గానీ, కలెక్టర్ అనుమతి గానీ కావాలి. ఆ ఉత్తర్వు ఉంటే వాళ్లకు 1885 టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు, అంటే సమ్మతి లేకుండానే లైను వేసే అధికారం, ఉన్నట్టే. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చినా విద్యుత్ లైన్లకు ఆ పాత భాగం కొనసాగుతోంది. అప్పుడు అడ్డుకుంటే కలెక్టర్ ఉత్తర్వు తెచ్చుకుంటారు, దాన్ని కాదంటే కేసు అవుతుంది. పరిహారం చాలకపోతే వెళ్లాల్సింది జిల్లా జడ్జి దగ్గరికి, ఆ టెలిగ్రాఫ్ చట్టం 16(3) సెక్షన్ కింద. కేంద్ర మార్గదర్శకాలు 2015లో టవర్ స్థలానికి భూమి విలువలో 85 శాతం, లైను కింది పట్టీకి 15 శాతం అన్నాయి. 2024లో అవి 200 శాతం, 30 శాతం అయ్యాయి. మీ లైనుకు ఏది అమలవుతుందో జీఓ నంబరుతో చెప్పమని కలెక్టర్ ఆఫీసును రాసి అడగండి, సంతకం ఆ తర్వాతే.

గాలిమర తిరగడం మొదలయ్యాక శబ్దం గురించి అడగాలంటే 2000 శబ్ద కాలుష్య నిబంధనలు ఆధారం: నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. ఫోను యాప్ అంకె సాక్ష్యం కాదు, హెచ్చరిక మాత్రమే. నెలరోజులు ఒక నోటుబుక్‌లో తేదీ, గంట, గాలి దిక్కు, ఏ గాలిమర తిరుగుతోంది, నిద్ర చెడిందా అని రాసి, కాలుష్య నియంత్రణ మండలిని రాత్రిపూట వచ్చి కొలవమని అడగండి. అదే చోట గాలిమర ఆపించి మరోసారి కొలవాలి. లేకపోతే "అది గాలి చప్పుడే" అంటారు.

గడువులు

చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి వెళ్లాలంటే 14వ సెక్షన్ కింద వివాదం మొదలైన రోజు నుంచి ఆరు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. నష్టపరిహారానికి, చెడిన నేల బాగుచేయించడానికి 15వ సెక్షన్ కింద ఐదేళ్లు. మొదటి జేసీబీ ఫొటో మీద తేదీ ఉండాలనేది ఇందుకే. భూమి హక్కు, లీజు తగాదా ఆ ట్రిబ్యునల్ వినదు, వాటికి సివిల్ కోర్టు, హైకోర్టు.

క్రేన్ల ముందు కూర్చోవాలనిపించే రోజు వస్తుంది. దానికి ముందు అర్జీ రసీదు, ఆర్టీఐ జవాబు, ఫొటోలు మూడు సెట్లు తీసి మూడు ఇళ్లలో పెట్టండి. దారి అడ్డగించినందుకు కేసు పెడితే పేర్లు పడేది ముందు నిలబడ్డ కుర్రాళ్ల మీద, ఉద్యోగం వెరిఫికేషన్‌లో అది ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఆ రోజు చేయగలిగిన పని: పని జరుగుతున్న సర్వే నంబరు, బండి నంబరు, సమయం రాసి, అప్పటికే ఇచ్చిన అర్జీ రసీదు నంబరు జతచేసి, వీఆర్‌ఓ చేత అక్కడికక్కడే పంచనామా రాయించడం.