ఇంగ్లిష్ వాక్యం – 7వ పాఠం: పెన్ను వెనకాల ‘విత్’

పోయిన పాఠంలో హూ, విచ్, దట్ చూశాం. ఈసారి అవి లేకుండానే నడిచే రిలేటివ్ క్లాజులు, అంటే ఒక నామవాచకం గురించి చెప్పే ఉపవాక్యాలు, చూద్దాం. ముందు తెలుగులో ఈ మూడూ చదవండి: నేను రాసిన ఉత్తరం, నేను రాసిన కాగితం, నేను రాసిన పెన్ను.

మూడుచోట్లా ‘రాసిన’ ఒక్కటే. కానీ రాసింది ఉత్తరాన్ని, కాగితం మీద, పెన్నుతో. ఆ ‘మీద’, ‘తో’ అనే మాటలను మన క్రియాజన్య విశేషణం (‘రాసిన’ లాంటి, క్రియ నుంచి పుట్టిన విశేషణం) మింగేస్తుంది, అయినా వినేవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఇంగ్లిష్ మాత్రం వాటిని చివర్లో ఉంచుతుంది:

ద లెటర్ ఐ రోట్.
ద పేపర్ ఐ రోట్ ఆన్.
ద పెన్ ఐ రోట్ విత్.

మనవాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. నేనూ చాలాకాలం ‘ఉండటానికి ఇల్లు’ అనడానికి ‘ఎ హౌస్ టు లివ్’ అనే రాశాను. ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు కానీ, ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. కారణం తెలుగులోనే ఉంది. అనుమానం వస్తే మామూలు వాక్యం చేసి చూడండి. ‘ఐ లివ్ ఇన్ ఎ హౌస్’లో ‘ఇన్’ ఉంది కదా, అందుకే ‘ఎ హౌస్ టు లివ్ ఇన్’. అలాగే ‘ఎ పెన్ టు రైట్ విత్’, ‘సమ్‌వన్ టు టాక్ టు’. ‘విత్ ఇట్’ అని మళ్లీ ‘ఇట్’ తగిలించకండి, పెన్ను పేరు ముందే చెప్పేశాం.

‘ఎ పెన్ విత్ విచ్ టు రైట్’ కూడా సరైనదే, కాస్త గ్రాంథికం. ‘ఎ పెన్ విచ్ టు రైట్ విత్’ మాత్రం తప్పు. ఇన్ఫినిటివ్ (‘టు రైట్’ లాంటి ‘టు’ రూపం) ముందు ‘విచ్’ రావాలంటే ప్రిపొజిషన్ (ఇక్కడ ‘విత్’) ఆ ‘విచ్’ కంటే ముందుండాలి.

ఇంకొక్క సంగతి. ఫస్ట్, లాస్ట్, ఓన్లీ లాంటి మాటల తర్వాత జరిగిపోయిన పనికీ ‘టు’ వస్తుంది. 1969లో చంద్రుడి మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ద ఫస్ట్ పర్సన్ టు వాక్ ఆన్ ద మూన్’. మనకు ‘నడిచిన’ వేరు, ‘నడవాల్సిన’ వేరు. ఇంగ్లిష్‌లో రెంటికీ ‘టు వాక్’ సరిపోతుంది, కాలం మిగతా వాక్యాన్ని బట్టి తెలుస్తుంది.

వీటిని ఇంగ్లిష్‌లో రాయండి, జవాబులు 8వ పాఠంలో: కూర్చోవడానికి కుర్చీ. నేను ఎదురుచూస్తున్న బస్సు. చివరగా వెళ్లిన మనిషి. కూరగాయలు కోయడానికి కత్తి.