నట్టు ముందుకే తిప్పండి: పత్తి మొదలయ్యేలోపు ముందు యాక్సిల్ పని ఇంట్లో చేసుకునేవాళ్లకు

పోయిన నెల ఆత్మకూరు దాటాక ఒక పికప్ రోడ్డు దిగి పొలంలోకి పోయింది. యూరియా లోడు. డ్రైవర్ కుడికాలు రెండు చోట్ల విరిగింది, ప్రాణం దక్కింది. బండిని లేపి చూస్తే టై రాడ్, అంటే ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్డు, ఎడమ చివర ఊడి వేలాడుతోంది. స్టీరింగ్ మాట కుడి చక్రం ఒక్కటే విన్నది, ఎడమ చక్రం తన దారి తను చూసుకుంది.

ఆ రాడ్డు చివర్లకు పెట్టే కీళ్లు, టై రాడ్ ఎండ్లు, అమ్మింది నేనే. నాలుగు రోజులకు డ్రైవర్ బామ్మర్ది షాపుకు వచ్చాడు. ఇంటి ముందు బండి లేపి వాటిని మార్చింది అతనే. "మాల్ ఖరాబుదిచ్చినవా అన్నా?" అన్నాడు. కోపం లేదు, గొంతు పూడుకుపోయి ఉంది. ఎట్ల బిగించినవురా అని అడిగాను.

"ఫుల్ టైట్ చేసిననే. పిన్ను రంధ్రం కలవలే. జరంత వెనుకకు తిప్పి పిన్నేసిన."

"పిన్ను కొత్తదా?"

"పాతదే. మంచిగనే ఉండె."

షాపు పెట్టకముందు పద్నాలుగేళ్లు షెడ్డులో ముందు యాక్సిల్ పనే చేశాను. ఈ "జరంత వెనుకకు" వల్ల పాడైన బండ్లను, మనుషులను చూడటం నాకు ఇదే మొదటిసారి కాదు. వానలు తగ్గుతున్నాయి. గుంతల్లో పడి అరిగిన టై రాడ్లు, కమాన్ (పట్టీల స్ప్రింగు) బుష్‌లు ఇప్పుడే బయటపడతాయి. దసరాకు ఆయుధపూజ లోపల బండి సాఫు చేసుకోవాలని, పత్తి బోరాలు మొదలైతే ఒక్కరోజు కూడా ఆపలేమని అందరూ ఇంటి ముందే పానాలు పట్టుకుంటున్నారు. అందుకే రాస్తున్నా. ఉత్త జాకీ మీద లేపి కింద దూరొద్దని మళ్లీ చెప్పను. అది అందరికీ తెలుసు. తెలిసీ దూరుతారు, అది వేరే సంగతి.

టై రాడ్ ఎండ్‌లోంచి పొడుచుకొచ్చే మర ఉన్న కడ్డీని, అంటే స్టడ్డును చూడండి. బాల్ దగ్గర లావుగా, మరల వైపు సన్నగా ఉంటుంది. ఆ స్టడ్డు దూరేది చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్‌లోకి, దాని రంధ్రం కూడా అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగిస్తే స్టడ్డు రంధ్రంలోకి బిర్రుగా దిగుతుంది, పారకు కామ దిగేసినట్టు. బండిని పట్టి ఉంచేది ఆ బిర్రే. నట్టు పని ఆ బిర్రును వదలకుండా లాగి ఉంచడం. నట్టు పైన కోతలుంటాయి, స్టడ్డు కొసన రంధ్రం ఉంటుంది, రెండూ కలిసిన చోట పిన్ను దూరుతుంది. పిన్ను పని ఇంకా చిన్నది: నట్టును ఊడిపోనివ్వదు, అంతే. పిన్ను ఏ నట్టునూ బిగించదు.

ఇప్పుడు నట్టును జరంత వెనక్కి తిప్పారనుకోండి. ఆ లాగుడు పోయింది. స్టడ్డు వెంటనే ఊడదు, రెండు మూడు రోజులు రంధ్రంలో అట్లే అతుక్కుని ఉంటుంది. స్టీరింగ్ బాగానే ఉంటుంది, పని బాగా చేశామనే అనుకుంటారు. తర్వాత లోడు, గుంతలు. కామ వదులైన పార ఎట్ల ఆడుతుందో స్టడ్డు అట్ల ఆడుతుంది, ఆర్మ్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ తర్వాత స్టడ్డు మెడ దగ్గర తెగాలి, లేదంటే పిన్ను తెగి నట్టు రాలాలి. పిన్ను కొత్తదైతే స్టడ్డు తెగుతుంది, పాతదైతే నట్టు పోతుంది. తేడా అంతే.

చేయి తిరిగినవాళ్లు కూడా ఈ తప్పు ఎందుకు చేస్తారంటే, చక్రం బేరింగు వల్ల. హబ్ నట్టును చక్రం తిప్పుతూ బిగించి, మళ్లీ కొంచెం వదులు చేసి, అప్పుడు పిన్ను వేస్తాం. అక్కడ వెనక్కి తిప్పడమే సరైన పద్ధతి, లేకపోతే బేరింగు వేడెక్కి పట్టేస్తుంది. అదే పైన కోతలున్న నట్టు, అదే స్ప్లిట్ పిన్ను. చెయ్యి అలవాటుగా వెనక్కి పోతుంది. హబ్ నట్టు వేరు, టై రాడ్ నట్టు వేరు. టై రాడ్‌కు, డ్రాగ్ లింక్‌కు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వచ్చే రాడ్డు), బాల్ జాయింట్‌కు నట్టు ముందుకే.

ముందుకంటే ఎంత? నట్టుకు ఆరు కోతలుంటే కోతకు కోతకు మధ్య 60 డిగ్రీలు. మాన్యువల్లో చెప్పినంత బిగించాక రంధ్రం కలవకపోతే, ఎంత చెడ్డా చుట్టులో ఆరో వంతు లోపే ఇంకో కోత ఎదురొస్తుంది. ఆ కోత దాకా బిగించండి. అంతవరకూ రాకుండా మొరాయిస్తే పానాకు పైపు తొడిగి స్టడ్డు తెంపకండి. నట్టు తీసి ఇంకో నట్టు వేసి చూడండి. కోతలు ఇంకోచోట మొదలవుతాయి కాబట్టి చాలాసార్లు కలుస్తుంది. ఒకవేళ పిన్ను రంధ్రం నట్టు కోతలకు పైన, గాల్లో తేలిందంటే స్టడ్డు మరీ లోపలికి దిగింది. మాల్ తప్పన్నా అయ్యుంటుంది, ఆర్మ్ రంధ్రమన్నా అరిగి ఉంటుంది. దానికి నట్టు కింద వాషర్లు పేర్చడం మందు కాదు, ఆర్మ్ మార్చాల్సిందే.

టై రాడ్ ఎండ్లకు అంత డబ్బు పోసి, చాయ్ ఖర్చు కూడా కాని పిన్ను మాత్రం పాతదే వేస్తారు. ఒకసారి వంచి, తీసేటప్పుడు సాపు చేసి, మళ్లీ వంచిన పిన్నులో సత్తువ ఉండదు. ఆ పిల్లవాడు వచ్చిపోయినప్పటి నుంచి టై రాడ్ ఎండ్ కొన్నవాళ్ల చేతిలో రెండు కొత్త పిన్నులు ఊరికే పెట్టి పంపిస్తున్నా. ముందే చేసి ఉండాల్సింది.

బండి లేపేముందు

నల్లరేగడి నేల మీద వాన పడిన వారం లోపల జాకీ పెట్టకండి. పైన గట్టిగా కనిపిస్తుంది, బరువు పడగానే ఒక పక్కకు దిగుతుంది. సీసీ రోడ్డు మీదనో, గచ్చు మీదనో పని పెట్టుకోండి. లేదంటే జాకీ కింద, స్టాండ్ల కింద మందపాటి ఇనుప పలక వేయండి. సిమెంటు ఇటుకలు వద్దు, అవి పగిలేముందు చెప్పవు. వెనక చక్రాలకు ముందూ వెనకా కట్టె మొద్దులు పెట్టండి.

టాటా ఏస్, దోస్త్, 407 లాంటి చాలా బండ్లలో ముందు కూడా కమాన్లే. కమాన్ పని ఉంటే స్టాండ్లు ఛాసిస్ కింద ఉండాలి, యాక్సిల్‌ను విడిగా జాకీ మీద పట్టి ఉంచాలి. యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టి, కమాన్‌ను యాక్సిల్‌కు పట్టించే యూ బోల్టులు విప్పితే బండి బరువంతా ఆ కమాన్ మీదే ఉంటుంది. ముందు కాయిల్ స్ప్రింగ్ ఉన్న బండి అయితే, స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు లేకుండా చక్రాన్ని మోసే కింది ఆర్మ్ విప్పొద్దు. స్ప్రింగు బయటికి దూకితే మొహమే ఎదురొస్తుంది.

విప్పేటప్పుడు

స్టడ్డు మరల మీద సుత్తె వేయకండి. పుల్లర్ ఉంటే పుల్లర్. లేకపోతే నట్టును నాలుగు మరలు ఉండనిచ్చి, ఆర్మ్ కన్ను (స్టడ్డు దూరే రంధ్రం) పక్కన ఒక సుత్తె ఆనించి, రెండో పక్క నుంచి ఇంకో సుత్తెతో కొట్టండి. బిర్రు దానంతటదే వదులుతుంది. నట్టు ఉంచింది ఎందుకంటే, వదిలిన రాడ్డు మీ పళ్ల మీదికి రాకుండా.

గ్యాస్ పెట్టి కాల్చకండి. స్టీరింగ్ ఆర్మ్‌ను గట్టిదనం కోసమే కాల్చి చల్లార్చి తయారుచేస్తారు. మీరు ఎర్రగా కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది, చూడ్డానికి మాత్రం అట్లనే ఉంటుంది. వంగిన డ్రాగ్ లింక్‌ను సాపు చేయించకండి. వెల్డింగ్ అసలే వద్దు. టై రాడ్ ఊడితే ఒక చక్రం స్టీరింగ్ మాట వినదు, డ్రాగ్ లింక్ ఊడితే రెండు చక్రాలూ వినవు.

పాత ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు బయటికొచ్చిందో లెక్కపెట్టి గోడ మీద రాసుకోండి. కొత్తదీ అన్నే చుట్లు ఎక్కించండి. రెండు చివర్లలో ఒకటి ఉల్టా మర, మర్చిపోయి బలం పెట్టకండి.

ఇక వరసగా చెప్తా

స్టడ్డుకు, ఆర్మ్ రంధ్రానికి గ్రీజు రాయొద్దు. గుడ్డతో తుడిచి పొడిగా వేయండి. గ్రీజు ఉంటే అదే బిగింపుకు స్టడ్డు ఎక్కువ లోపలికి దిగుతుంది, చేతికి లెక్క తప్పుతుంది.

నట్టు తిప్పుతుంటే స్టడ్డు కూడా తిరుగుతోందా? కింద నుంచి జాకీతో కొంచెం ఎత్తి నొక్కండి, పట్టుకుంటుంది. తిరుగుతోంది కదా అని వదిలేయకండి.

కోతలు లేని, నైలాన్ ఉన్న నట్టు వస్తే అది ఒక్కసారికే. విప్పితే పారేయండి.

పిన్ను బదులు బైండింగ్ వైరు వద్దు. మేకు వద్దు. వెల్డింగ్ రాడ్ ముక్క అసలే వద్దు. సన్న పిన్ను వద్దు, రంధ్రం నిండాలి. ఒక కాలు స్టడ్డు పైకి, ఇంకో కాలు కిందికి, నట్టుకు ఆనేట్టు వంచండి.

టై రాడ్ క్లాంపు బోల్టు బిగించారా? లాక్ నట్టు ఉంటే అదీ బిగించారా? వెళ్లి మళ్లీ చూడండి.

యూ బోల్టులు కొత్తవే. ఒకసారి సాగినవి మళ్లీ పట్టవు. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివరి బిగింపు చక్రాలు నేల మీద పెట్టి బరువు పడ్డాకే. మొదటి లోడు దించాక మళ్లీ బిగించండి.

కమాన్ పట్టీలను సీ క్లాంపుతో పట్టకుండా మధ్య బోల్టు విప్పొద్దు.

బ్రేక్ పైపు మీద ఏ బరువూ వేలాడదీయొద్దు.

కింగ్ పిన్ (ముందు చక్రం అటూ ఇటూ మళ్లే ఇరుసు) పని ఇంట్లో వద్దు. బుష్‌కు రీమర్ వేసి రంధ్రాన్ని కొలతకు తేవాలి, అందాజుగా అయ్యే పని కాదు. ఆటోనగర్‌కు తీసుకుపోండి. ఎంత తెలిసినవాళ్లయినా కింగ్ పిన్ మీద సుత్తెతో కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. గట్టి ఉక్కు, పెచ్చు లేస్తే కంట్లోకే.

ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ ఉంటుంది కదా, వాళ్లు చూస్తారులే అనొద్దు. నిన్న మీరు వెనక్కి తిప్పిన నట్టు వాళ్లకు కనిపించదు.

పిల్లలను దూరం పంపండి. ఫోన్ జేబులో పెట్టండి. వీడియోలో చేసేవాడి బండి వేరు, మీ బండి వేరు.

చీకటి పడితే ఆపండి. మిగిలిన ఒక్క నట్టు ఎప్పుడూ చీకట్లోనే "జరంత" అవుతుంది.

అలైన్‌మెంట్ ఆ రోజే చేయించండి, అక్కడికి ఖాళీ బండితోనే పోండి. లోడుతో కాదు.

బండి దించాక ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ ఆడించాలి, మీరు ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూడాలి. రాడ్డు కదలాలి. స్టడ్డుకు ఆర్మ్‌కు మధ్య వెంట్రుకంత కూడా కదలొద్దు.

చక్రం నట్టులు 50 కిలోమీటర్లకు మళ్లీ బిగించండి.

పిన్ను వేశాక నట్టు మీద నుంచి ఆర్మ్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. మొదటి లోడుకు పోయొచ్చాక, ఇంట్లోకి పోకముందే, టార్చి వేసి ఆ గీత చూడండి. గీత తెగి రెండు ముక్కలు పక్కపక్కకు జరిగి ఉంటే నట్టు కదిలినట్టే. ఆ బండి రేపు పోదు. విప్పి, రంధ్రం చూసి, బాగుంటే మళ్లీ బిగించి, కోత కలవకపోతే ముందుకే తిప్పి, కొత్త పిన్ను వేసి, పాత గీత తుడిచి కొత్త గీత గీయండి.