సింక్ కొట్టాక ప్రాంప్ట్ తిరిగి వచ్చేదాకా డిస్కును ముట్టుకోకండి

నాకు తెలిసిన ఒకాయన పోయిన వారం తన లినక్స్ కంప్యూటర్‌లోని ఆరేళ్ల ఫొటోలను ఎంవీ ఆదేశంతో బయటి డిస్కులోకి తరలించారు. అనుభవజ్ఞుడు కనుక ఆ తరువాత, మెమరీలో ఆగి ఉన్న డేటాను డిస్కుకు పంపించే సింక్ ఆదేశం కూడా కొట్టారు. రెండు నిమిషాలైనా, ఆదేశం ముగిసిందని తెలిపే ప్రాంప్ట్ తిరిగి రాకపోయేసరికి కంప్యూటర్ ఇరుక్కుపోయిందని తీర్మానించుకుని కేబుల్ లాగేశారు. డిస్కును మళ్లీ తగిలించి చూస్తే చాలా ఫైళ్లకు పేర్లున్నాయి గానీ పరిమాణం సున్నా. అసలు ప్రతులను ఎంవీ అప్పటికే చెరిపేసింది.

సింక్ కొట్టనివారి కంటే, కొట్టి ఆగలేకపోయినవారే ఎక్కువగా నష్టపోవడం నేను చూశాను. కారణం తెలిస్తే ఓపిక దానంతటదే వస్తుంది. ప్రోగ్రామ్ రాసిన డేటాను లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మొదట మెమరీలోని పేజీ కాష్‌లో పెట్టుకుని, రాయడం అయిపోయిందని వెంటనే జవాబిస్తుంది. డిస్కుకు పంపే పని తరువాత జరుగుతుంది. మామూలు సెట్టింగుల్లో 30 సెకన్లు దాటిన డేటాను, 5 సెకన్లకొకసారి మేల్కొనే వ్యవస్థ డిస్కుకు పంపుతుంది. ఇలా పంపవలసిన డేటా అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా పేరుకోవచ్చు. అంటే 16 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్‌లో సుమారు 3 జీబీ. సెకనుకు 10 ఎంబీ మాత్రమే రాయగల పెన్‌డ్రైవ్‌కు అది అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ సింక్ శాతం చూపదు, చుక్కలు పెట్టదు, ఉలకదు పలకదు.

అనుమానం తీరాలంటే మరో టెర్మినల్ తెరిచి, ప్రాక్ కింద ఉండే మెమ్‌ఇన్ఫో ఫైలులో డర్టీ, రైట్‌బ్యాక్ అనే రెండు వరుసలను గమనించండి. మొదటిది ఇంకా పంపవలసిన డేటా, రెండోది ఇప్పుడు పంపుతున్న డేటా. అంకెలు దిగుతూ ఉంటే పని నడుస్తున్నట్టే. ఇతర ప్రోగ్రాములు రాస్తూనే ఉంటాయి కనుక అవి పూర్తిగా సున్నాకు చేరకపోవచ్చు, నమ్మవలసింది ప్రాంప్ట్‌నే.

సింక్‌ను మూడుసార్లు కొట్టాలని పాత యూనిక్స్ వారు చెప్పే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజుల్లో ఆ ఆదేశం పనిని పురమాయించి వెంటనే తిరిగి వచ్చేది, మళ్లీ మళ్లీ టైపు చేసేలోగా కాస్త సమయం గడిచేది. నేటి లినక్స్‌లో ఒక్కసారి చాలు, కానీ అది ముగియాలి.

మిగతావి వరుసగా చెబుతాను.

ఎడిటర్‌లో సేవ్ చేయని మార్పులు ఇంకా కెర్నల్ చేతికి రాలేదు, వాటిని సింక్ కాపాడలేదు. ముందు సేవ్ చేయండి.

బయటి డిస్కులోకి ఎంవీ వాడకండి. కాపీ చేసి, సింక్ చేసి, డిస్కును వ్యవస్థ నుంచి విడదీసే అన్‌మౌంట్ చేసి, డిస్కును తీసి మళ్లీ తగిలించి, అప్పుడు సరిపోల్చి, ఆ తరువాతే అసలు ప్రతులను చెరపండి. కాపీ అయిన వెంటనే సరిపోల్చితే మీరు చదివేది డిస్కులోని ప్రతిని కాదు, చాలావరకు మెమరీలోని ప్రతిని.

సింక్ అయింది కదా అని అన్‌మౌంట్ మానకండి. ఆ మధ్యలో మరో ప్రోగ్రామ్ రాయవచ్చు.

డీడీ ఆదేశంతో ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలైన ఫైలు) రాసేటప్పుడు కన్వ్ ఈక్వల్స్ ఎఫ్‌సింక్ చేర్చండి, డేటా డిస్కుకు చేరాకే డీడీ ముగుస్తుంది.

ఊరికే సింక్ అంటే అది అన్ని డిస్కుల కోసమూ ఆగుతుంది. ఒక్క ఫైల్ సిస్టమ్ చాలనుకుంటే హైఫన్ ఎఫ్ పెట్టి, అందులోని ఏదైనా ఫైలు దారి (పాత్) ఇవ్వండి.

ప్రాంప్ట్ వచ్చిందంటే తప్పులేమీ జరగలేదని అర్థం కాదు. కెర్నల్ సందేశాలను చూపే డీమెసేజ్‌లో చదవడమో రాయడమో విఫలమైందని చెప్పే ఐ/ఓ ఎర్రర్ కనిపిస్తే ఆ డిస్కును నమ్మకండి. రెండోసారి సింక్ సజావుగా ముగిసినా నమ్మకండి. డిస్కుకు రాయలేకపోయిన పేజీలను (మెమరీ ముక్కలను) కెర్నల్ శుభ్రమైనవిగా, అంటే రాయడం అయిపోయినవిగా, గుర్తు వేసి వదిలేయవచ్చు. 2018లో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌గ్రెస్ రూపకర్తలను కలవరపెట్టింది ఇదే.

సింక్ నడుస్తుండగా, దాన్ని ఆపడానికి కంట్రోల్ సీ నొక్కకండి.

పవర్ బటన్ పట్టుకుని నొక్కకండి.

డిస్కు దీపం ఇంకా మిణుకుమంటూ ఉంటే, ప్రాంప్ట్ వచ్చినా కేబుల్ లాగకండి.