పండక్కి ఊరెళ్తూ కుక్కను వదిలి వెళ్లేవాళ్లకి: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సంక్రాంతికి రైలు టికెట్లు రెండు నెలల ముందే తీసేసుకుంటాం, కుక్కను ఎక్కడ ఉంచాలన్నది మాత్రం బ్యాగులు సర్దే రోజుకి వస్తుంది. కింద రాసిన ఇబ్బందుల్లో చాలావరకు ఆ ఆలస్యం వల్ల వచ్చేవే.

బోర్డింగ్ (మనం లేనప్పుడు కుక్కను ఉంచుకునే చోటు) వాళ్లు తీసుకోం అంటున్నారు

వ్యాక్సిన్ బుక్కు చూడండి. రేబిస్ టీకాదో, పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకాదో గడువు దాటి ఉంటుంది. ముందురోజు వేయించి తీసుకెళ్తే ఒప్పుకోరు, ఎందుకంటే రక్షణ రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే నెల ముందే బుక్కు తీసి చూసుకోండి, కెన్నెల్ కాఫ్ (ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకునే దగ్గు) టీకా గురించి కూడా డాక్టర్‌ని అడగండి. అసలు బుక్కే అడక్కుండా తీసుకునే చోట మాత్రం వదలకండి. మీ కుక్కను అడగలేదంటే పక్క గదిలో ఉన్నదాన్నీ అడిగి ఉండరు, పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది.

అక్కడ తిండి ముట్టడం లేదు

మా చిన్నిని మొదటిసారి వదిలినప్పుడు రెండు రోజులు ఏమీ తినలేదు. ఫోన్ వచ్చిన ప్రతిసారీ నాకు గుండె దడ. తీరా ఆరా తీస్తే వాళ్లు పెడుతున్నది డ్రై ఫుడ్, మా ఇంట్లో దానికి చిన్నప్పటి నుంచి పెరుగన్నం, ఉడికించిన చికెనే అలవాటు. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. కొత్త చోటు, కొత్త వాసనలు, దానికితోడు కొత్త తిండి, మూడూ ఒకేసారి మీద పడితే ఏ కుక్కైనా మూతి తిప్పుకుంటుంది. ఇంట్లో పెట్టేదే పంపండి, ఎంత, ఏ టైముకో కాగితం మీద రాసివ్వండి. మీరు వేసుకుని విప్పిన చొక్కా ఒకటి ఉతక్కుండా ఇవ్వండి, ఆ వాసన దానికి ధైర్యం. అన్నిటికంటే బాగా పనిచేసేది, ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక్క రాత్రి అక్కడ ఉంచి చూడటం. మొదటి రోజు తినకపోతే కంగారు అక్కర్లేదు, నీళ్లు కూడా తాగకపోతే, వాంతులు ఉంటే, అదేరోజు డాక్టర్‌కి చూపించమనండి.

లూజ్ మోషన్స్

తిండి ఉన్నట్టుండి మారినా, బెంగ పెట్టుకున్నా అవుతాయి. పండగరోజు పక్కింటివాళ్లు ప్రేమగా పెట్టే పాయసం కూడా కారణమే, అందులోని కిస్మిస్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా విషమే. ఈ పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు ఎవరూ వేయకూడదని గట్టిగా చెప్పండి. విరేచనంలో రక్తం కనిపిస్తే ఆగకూడదు.

తిండి పెట్టడానికి వచ్చినవాళ్లను చూసి గుర్రుమంటోంది

మీరున్నప్పుడు తోక ఊపిన వాచ్‌మెన్ అన్నే, మీరు లేనప్పుడు తాళం తీసుకుని లోపలికి వస్తే దాని లెక్కలో పరాయి మనిషి. వారం ముందు నుంచి ఆయన చేత్తోనే తిండి పెట్టించండి. తర్వాత మీరు బయటికి వెళ్లిపోయి, ఆయన్నే తాళం తీసి లోపలికి రమ్మనండి, ఇలా నాలుగైదుసార్లు. రెండో తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి.

తప్పించుకుని పారిపోయింది

తలుపు సందులోంచి గానీ, మెడ బెల్టు జారిపోయి గానీ, దీపావళికైతే టపాసుల భయంతో గానీ. బెల్టుకి మెడకి మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకంటే వదులైతే ఊడిపోతుంది, నడిపించడానికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) మేలు. బెల్టు మీద మీ నంబరొక్కటే చాలదు, ఊళ్లో ఉన్నవాళ్ల నంబరూ రాయించండి. వెంటపడి తరిమితే ఇంకా దూరం పోతుంది. దానికి తెలిసిన మనిషిని తెల్లవారుజామున, వీధులు ఖాళీగా ఉన్నప్పుడు చుట్టుపక్కల వెతకమనండి.

ఇంటికి తెచ్చాక దగ్గు

గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గుతుంటే కెన్నెల్ కాఫ్ కావచ్చు, తెచ్చిన రెండు వారాల్లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. మిగతా కుక్కలకి దూరంగా ఉంచి డాక్టర్‌కి చూపించండి. అలాగే తెచ్చిన రోజే చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదులు వెతకండి. తర్వాత జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా పిడుదుల వల్ల వచ్చే జబ్బేమోనని రక్తపరీక్ష చేయించాలి. వచ్చిన రోజంతా పడుకునే ఉందంటే మాత్రం సాధారణంగా అలసటే, కొద్దిగా తిండి పెట్టి పడుకోనివ్వండి.