జంపింగ్‌కు తగిన గుర్రాన్ని ఎంచుకోవడం ఎలా?

1. ఎత్తు, రైడర్ బరువు తేల్చుకోండి

జాతి సంగతి తర్వాత. ఎంత ఎత్తు దూకించాలి, ఎక్కేది ఎవరు అన్నది ముందు తేలాలి. 80 సెం.మీ. నుంచి 1 మీటరు వరకైతే ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఏ జాతిదైనా చాలావరకు దూకుతుంది. మన దేశీ జాతులైన మార్వాడీ, కాఠియావాడీ కూడా పనికొస్తాయి. 1.20 మీటర్లు దాటాక జాతి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒలింపిక్స్‌లో 1.60–1.65 మీటర్ల దాకా పెడతారు. అక్కడ దిగేవి దాదాపు అన్నీ యూరప్ వార్మ్‌బ్లడ్‌లే (స్వారీ క్రీడల కోసం పెంచిన జాతులు).

రైడర్, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం మించకూడదు. 450 కిలోల గుర్రానికి 90 కిలోలు పైహద్దు. దూకి దిగే క్షణంలో భారమంతా ఒక్క ముందుకాలి మీదే పడుతుంది కాబట్టి ఇంకా తక్కువుంటే మేలు.

2. జాతుల తేడా తెలుసుకోండి

ఉత్తర జర్మనీకి చెందిన హోల్‌స్టైనర్‌కు వెనక భాగంలో మంచి బలం ఉంటుంది. ముందుకాళ్లు బాగా పైకి మడుస్తుంది. ఫ్రాన్స్‌లోని సెల్ ఫ్రాన్సే, డచ్, బెల్జియన్ వార్మ్‌బ్లడ్‌లూ ఈ ఆటకే పెంచినవి. హనోవేరియన్ విషయంలో మాత్రం తల్లిదండ్రుల వివరాలు అడగాలి. ఆ జాతిలో డ్రెసాజ్ (దూకుడు లేకుండా, రైడర్ సంజ్ఞలకు తగ్గట్టు కదలికలు చూపే పోటీ) కోసం పెంచిన వంశాలు చాలా ఉన్నాయి. ఐరిష్ డ్రాఫ్ట్ (ఐర్లండ్ పని గుర్రం), థరోబ్రెడ్ (రేసు గుర్రాల జాతి) కలయికతో వచ్చిన ఐరిష్ స్పోర్ట్ హార్స్ రైడర్ తప్పులను ఓర్చుకుంటుంది, కొత్తవాళ్లకు మంచిది.

థరోబ్రెడ్‌ను తక్కువ చేయొద్దు. 1949లో చిలీలో 2.47 మీటర్ల ఎత్తు దూకిన హువాసో అనే గుర్రం థరోబ్రెడ్డే. ఆ రికార్డు ఇప్పటికీ చెదరలేదు. ఎత్తైన గుర్రమే కావాలని పట్టుబట్టడమూ తప్పే: 15 హ్యాండ్స్ కూడా లేని స్ట్రోలర్ అనే పోనీ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చింది. (ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు.)

3. రేసు గుర్రమైతే కాళ్లు తడిమి చూడండి

హైదరాబాద్‌లాంటి రేసుకోర్సు ఉన్న ఊళ్లలో అందుబాటు ధరకు దొరికేది రేసుల నుంచి విరమించిన థరోబ్రెడ్డే. 1.10 మీటర్ల దాకా దూకాలనుకునేవారికి ముందు దీన్నే చూడమంటాం. కానీ ఇవి రెండేళ్ల వయసు నుంచే పరుగెత్తి ఉంటాయి, అరుగుదల కాళ్లలో దాగుంటుంది. మోకాలి కింద, ఎముక వెనకాల ఉండే స్నాయువును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పైనుంచి కిందికి మెల్లగా జార్చండి. అది తాడులా గట్టిగా, నున్నగా, చల్లగా తగలాలి. ఎక్కడైనా ఉబ్బు, వేడి, మెత్తదనం తగిలినా, అక్కడ నొక్కితే గుర్రం కాలు లాక్కున్నా పాత గాయం ఉండొచ్చని అనుమానించాలి. రెండు కాళ్లనూ పోల్చకుండా నిర్ణయానికి రావద్దు.

ఆరోగ్యంగా ఉన్నదాన్ని కొన్నా వెంటనే దూకించకూడదు. దాణా తగ్గించి గడ్డి పెంచి, కొన్ని నెలలు విశ్రాంతినివ్వాలి. రేసులో కళ్లెం మీద బరువు వేసి పరుగెత్తడం నేర్చుకుని ఉంటుంది. ఆ అలవాటు పోకముందే దూకిస్తే అడ్డంకి మీదికి దూసుకెళ్తుంది.

4. ట్రాట్ కాదు, క్యాంటర్ చూడండి

అందమైన ట్రాట్ (రెండు తాళాల దుడుకు నడక) చూసి మురిసి డబ్బు పోగొట్టుకునేవారు ఎక్కువ. దూకేది క్యాంటర్ (మూడు తాళాల మెల్లని దౌడు) నుంచి. వెనక కాళ్లు పొట్ట కిందికి బాగా రావాలి, అడుగును పొడిగించమన్నా కుదించమన్నా లయ తప్పకూడదు.

5. రైడర్ లేకుండా దూకించండి

గోడ పక్కన వరుసగా మూడు అడ్డంకులు, మధ్య 6.5–7 మీటర్ల ఎడం. మొదటిది 50 సెం.మీ., చివరిది 80 సెం.మీ. నుంచి 1 మీటరు. పక్కనుంచి ఫోన్లో స్లో మోషన్‌లో తీయండి. మోకాళ్లు రెండూ సమానంగా లేచి, ముంజేతి భాగం నేలకు సమాంతరంగా రావాలి. వీపు గుండ్రంగా వంగాలి. మోకాళ్లు కిందికి వేలాడేసే గుర్రం వద్దు, ఎంత చవకైనా సరే: ముంజేయి అడ్డంకి పైన ఉండే కమ్మీకి తగిలితే గుర్రం రైడర్‌తో సహా పల్టీ కొట్టే ప్రమాదముంది. కమ్మీ ఒకసారి తగిలాక రెండోసారి ఇంకా జాగ్రత్తగా ఎత్తి దూకిందంటే మాత్రం ఆ గుర్రాన్ని వదలొద్దు.

6. వెటర్నరీ డాక్టరుతో పరీక్ష

డాక్టరును మీరే పెట్టుకోండి, అమ్మేవారి మనిషి వద్దు. కీళ్లను నిమిషంపాటు మడిచి పట్టి ట్రాట్ చేయించి కుంటుతుందేమో చూడాలి. గిట్టలకు, వెనక మోకాళ్లకు, మడమ కీళ్లకు ఎక్స్‌రే తీయించాలి. వార్మ్‌బ్లడ్‌లలో కీలులోని మృదులాస్థి ముక్క ఊడే సమస్య తరచుగా కనిపిస్తుంది, బయటికి మాత్రం నడక బాగానే ఉంటుంది.