పాలిస్టర్ నూలుకు వేడి పట్టించడం: లోపల స్ఫటికాలు ఎలా మారతాయి, వాటిని ఎలా అదుపులో పెట్టుకోవాలి

ఒకే డినియర్ (మందం కొలత) నూలు, ఒకే రంగు, ఒకే మెషీన్‌లో అద్దకం. అయినా గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తే పేక వెంట ముదురు పట్టీ ఒకటి, లేత పట్టీ ఒకటి కనిపిస్తాయి. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు, నారాయణవనం వైపు మరమగ్గాల మీద పాలిస్టర్ నడిపేవాళ్లు ఇలాంటి గుడ్డ చూడగానే ముందు రంగునో, అద్దకం చేసినవాళ్లనో అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ఒక కండెలోని నూలు, పక్క కండెలోని నూలు అంతకుముందే ఎక్కడో వేర్వేరు వేడి చూసి ఉంటాయి. ఆ తేడా పోగు లోపల స్ఫటికాల్లో నిలిచిపోతుంది, రంగు దాన్ని బయటపెడుతుంది.

పాలిస్టర్ పోగులో పొడవాటి అణువుల గొలుసులు ఉంటాయి. కొన్నిచోట్ల అవి పక్కపక్కన క్రమంగా పేర్చుకుని స్ఫటికాలవుతాయి. మిగతాచోట్ల చిక్కుపడ్డ నూలులా అడ్డదిడ్డంగా ఉంటాయి. స్ఫటికం గట్టిది, మూసుకున్నది. నీరు గానీ రంగు గానీ అందులోకి పోదు. రంగు ఎక్కేది చిక్కుభాగంలోకే. గుడ్డ వేడికి ముడుచుకునేది కూడా ఆ భాగం వల్లే, ఎందుకంటే నూలు లాగినప్పుడు అక్కడ సాగి బిగుసుకున్న గొలుసులు వేడి తగలగానే వెనక్కి రావాలని చూస్తాయి.

రెండు ఉష్ణోగ్రతలు గుర్తుంచుకోవాలి. 70–80 డిగ్రీల దగ్గర చిక్కుభాగంలోని గొలుసులు కదలడం మొదలవుతుంది. బాగా లాగిన, స్ఫటికాలు ఎక్కువున్న ఎఫ్‌డీవై నూలులో స్ఫటికాలే గొలుసులను పట్టి ఉంచుతాయి కాబట్టి ఈ కదలిక ఇంకా పైన, 100 దాటాక గానీ పూర్తిగా రాదు. 255–260 డిగ్రీల దగ్గర స్ఫటికాలు కరిగిపోతాయి. మనం చేసే పనంతా ఈ రెంటి మధ్యే. స్ఫటికాలు అన్నిటికన్నా వేగంగా పెరిగేది 170–190 మధ్య.

తక్కువ వేడిలో పుట్టిన స్ఫటికాలు చిన్నవి, లోపాలున్నవి. వేడి ఇంకాస్త పెంచితే అవి కరిగి, మరింత పెద్దవిగా, మరింత క్రమంగా మళ్లీ పేర్చుకుంటాయి. అంటే 190 డిగ్రీలు చూసిన నూలులో 140 డిగ్రీల నాటి గుర్తు దాదాపు చెరిగిపోతుంది. అదే నూలుకు తర్వాత 130 డిగ్రీల అద్దకం జరిగినా 190 నాటి అమరిక పెద్దగా కదలదు. అందుకే సెట్టింగ్ (అమరిక నిలిచిపోయేలా వేడి పట్టించడం) వేడి, ఆ గుడ్డ తర్వాత చూడబోయే ప్రతి వేడి కన్నా కనీసం 30–40 డిగ్రీలు పైన ఉండాలి. అద్దకం, ఇస్త్రీ, ప్లీటింగ్ అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

రంగు ఎక్కడం తగ్గి, మళ్లీ ఎందుకు పెరుగుతుంది

స్ఫటికాలు పెరిగేకొద్దీ రంగు తగ్గుతూ పోవాలని అనిపిస్తుంది. జరిగేది అలా కాదు. 120 నుంచి 160–170 డిగ్రీల వరకు సెట్టింగ్ వేడి పెంచుతూ పోతే రంగు ఎక్కడం తగ్గుతుంది. ఆ దరిదాపుల్లో అట్టడుగుకు చేరి, 180 దాటాక మళ్లీ పెరుగుతుంది. 210–220 దగ్గరకు వచ్చేసరికి ఆ పెరుగుదల బాగా నిటారుగా ఉంటుంది. మొదటి దశలో బోలెడు చిన్న స్ఫటికాలు పుట్టి చిక్కుభాగాన్ని ముక్కముక్కలుగా బంధిస్తాయి. పై దశలో ఆ చిన్నవి కరిగి తక్కువ సంఖ్యలో పెద్ద స్ఫటికాలవుతాయి. మొత్తం స్ఫటికాల పాలు పెరిగినా, వాటి మధ్య మిగిలిన చిక్కుభాగం వెడల్పవుతుంది, వదులవుతుంది. రంగు అణువుకు దారి దొరుకుతుంది.

దీన్నిబట్టి పని ఎలా నడపాలో తేలుతుంది. 170–180 దగ్గర రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా షేడ్ పెద్దగా మారదు. 205 దగ్గర అదే రెండు మూడు డిగ్రీలు గుడ్డ అంచుకూ మధ్యకూ కంటికి కనబడే తేడా తెస్తాయి. మెషీన్ వేడి నిలకడగా ఉంటుందని నమ్మకం లేనప్పుడు 200 పైకి పోకపోవడమే మంచిది. గుడ్డ కొంచెం తక్కువ స్థిరంగా ఉన్నా సర్దుకోవచ్చు గానీ, పట్టీలు పడ్డ గుడ్డను ఎవరూ కొనరు.

బిగించి వేడి చేయడం, వదులుగా వేడి చేయడం

ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు. నూలును పొడవు మారకుండా బిగించి వేడి చేస్తే గొలుసులు పోగు పొడవు వెంబడే ఉండి స్ఫటికాలవుతాయి. ఒక స్ఫటికం నుంచి ఇంకో స్ఫటికానికి వెళ్లే గొలుసులు బిగుతుగా మిగులుతాయి. నూలు బలంగా, సాగకుండా ఉంటుంది. వదులుగా వదిలేస్తే నూలు ముడుచుకుంటుంది, గొలుసులు తమమీద తామే మడతలు పడి స్ఫటికాలవుతాయి. స్ఫటికాల పాలు ఇక్కడే కాస్త ఎక్కువ రావచ్చు కూడా. కానీ నూలు మెత్తబడుతుంది, తెగేముందు ఎక్కువ సాగుతుంది, తర్వాతి వేడికి ఇక ముడుచుకోదు. కుట్టుదారానికి, పడుగుకు బిగింపు కావాలి. చీర ఒంటికి ఒదిగే గుణం కావాలంటే కాస్త వదులివ్వాలి.

ముందు నూలును పరీక్షించడం

కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ మరిగే నీళ్లలో ముడుచుకునే పరీక్ష చేయండి. దీనికి ఒక స్కేలు, బరువు, గిన్నె చాలు. 150 డినియర్ నూలును ఒక మీటరు చుట్టుకొలత ఉన్న రీలు మీద 10 చుట్లు చుట్టి చిలప (నూలు చుట్ట) కట్టండి. వేలాడదీస్తే 20 పోగులు, అంటే మొత్తం 3,000 డినియర్. డినియర్‌కు 0.1 గ్రాము చొప్పున 300 గ్రాముల బరువు తగిలించి పొడవు కొలవండి. సుమారు 50 సెంటీమీటర్లు వస్తుంది. బరువు తీసేసి, చిలపను పల్చటి గుడ్డలో వదులుగా చుట్టి మరిగే నీళ్లలో 30 నిమిషాలు ఉంచండి. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ అదే బరువుతో కొలవండి. 50 కాస్తా 46.5 అయితే 7 శాతం ముడుచుకున్నట్టు. ఎఫ్‌డీవై నూలుకు 6–8 శాతం మామూలే. ఒక్కో బాక్సుకు ఒక్కో అంకె వస్తుంటే, వాటిని ఒకే గుడ్డలో కలపకండి. పీఓవై (ఇంకా పూర్తిగా లాగని) నూలు సగానికి సగం ముడుచుకుంటుంది, ఎందుకంటే అందులో స్ఫటికాలు ఇంకా సరిగా పుట్టనే లేదు. ఇదే కారణంతో పీఓవైని ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో పెట్టడం తప్పు. ఆ వేడికి అది నిలవలోనే నెమ్మదిగా మారుతుంది. రేకుకు దగ్గరగా ఉన్న పెట్టె ఒకలా, నేలమీది పెట్టె ఇంకోలా మారతాయి.

ఇక వేడి పరీక్ష. చిన్న హాట్ ఎయిర్ ఓవెన్ ఉంటే 120, 140, 160, 180, 200, 220 డిగ్రీల దగ్గర ఒక్కో శాంపిల్ తయారు చేయవచ్చు. స్టీలు ఫ్రేము మీద ఒకే పొర వచ్చేలా నూలు చుట్టి రెండు కొసలూ గట్టిగా కట్టండి. అదే నూలు చిలప ఒకటి పక్కన వదులుగా పెట్టండి. ఓవెన్ డయల్ చూపేది గాలి వేడి. ఫ్రేము బరువుగా ఉంటే నూలు దాని కన్నా చాలా వెనక పడుతుంది. కాబట్టి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొనను నూలు పోగుల మధ్యకు దూర్చి, అక్కడి వేడి మీరు కోరిన అంకెకు 2 డిగ్రీల లోపుకు వచ్చాకే 2 నిమిషాలు లెక్కపెట్టండి. బయటికి తీశాక ఫ్రేము మీదే 60 డిగ్రీల కిందికి చల్లారనివ్వండి. వేడిగా ఉండగానే విప్పితే నూలు ముడుచుకుపోతుంది. అప్పుడు అది బిగింపు శాంపిల్ అనడానికి లేదు. నూలుకు ఉన్న ఆయిల్ ఈ వేడికి పొగ అవుతుంది కాబట్టి గది కిటికీలు తెరిచే ఉంచండి.

ఈ శాంపిళ్లన్నిటినీ ఒకే పాత్రలో, ఒకేసారి అద్దాలి. నూలు బరువుకు 1 శాతం మీడియం ఎనర్జీ నీలం డిస్పర్స్ (పాలిస్టర్‌కు వాడే) రంగు, బరువుకు 40 రెట్లు నీళ్లు, లీటరుకు 1 గ్రాము డిస్పర్సింగ్ ఏజెంట్, ఎసిటిక్ యాసిడ్‌తో పీహెచ్ 4.5–5. 50 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి నిమిషానికి 2 డిగ్రీలు పెంచి, 100 దగ్గర 30 నిమిషాలు. కావాలనే 130 వరకు పోవడం లేదు. 130 దగ్గర గంటసేపు అద్దితే రంగు నెమ్మదిగా అన్నిచోట్లకూ సర్దుకుని తేడాలు కొంతవరకు దాగిపోతాయి. తేడా చూడటమే మన పని. కడిగి, ఆరబెట్టి, పగటి వెలుతురులో వరసగా పేర్చి చూడండి. ముదురు నుంచి లేతకు దిగి మళ్లీ ముదురుకు ఎక్కే వరస కనిపిస్తుంది. మీ నూలుకు అట్టడుగు ఎక్కడుందో అక్కడ రాసిపెట్టుకోండి.

ల్యాబ్ పరీక్ష అవసరమైతే

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. బయటి శాంపిళ్లు తీసుకుంటారా, ఫీజు ఎంత అన్నది ముందే కనుక్కుని వెళ్లండి. మీకు కావలసినది డీఎస్‌సీ. నూలును వేడి చేస్తూ అది పీల్చే, వదిలే వేడిని కొలిచే పరీక్ష ఇది. 3–5 మిల్లీగ్రాముల నూలు, నైట్రోజన్‌లో, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 30 నుంచి 290 వరకు. మొదటి వేడి గ్రాఫే ఇవ్వమని గట్టిగా అడగండి. చాలాచోట్ల అలవాటుగా ఒకసారి కరిగించి, చల్లార్చి, రెండోసారి వేడి చేసిన గ్రాఫ్ ఇస్తారు. అందులో మీ సెట్టింగ్ చరిత్ర మొత్తం చెరిగిపోయి ఉంటుంది.

కరిగే శిఖరం కింది వైశాల్యం గ్రాముకు 56 జౌళ్లు వచ్చిందనుకోండి. పూర్తి స్ఫటిక పాలిస్టర్‌కు 140 జౌళ్లు కాబట్టి స్ఫటికాల పాలు 40 శాతం. 100–130 మధ్య పైకి లేచే చిన్న శిఖరం ఉంటే, ఆ స్ఫటికాలు పరీక్షలోనే పుట్టాయి. దాని వైశాల్యాన్ని ముందు తీసేయాలి. అసలు విలువైన సమాచారం ఇంకోచోట ఉంది. ప్రధాన శిఖరానికి ముందు ఒక చిన్న గుంట కనిపిస్తుంది. అది నూలు నిజంగా చూసిన సెట్టింగ్ వేడికి కొద్ది డిగ్రీలు పైన వస్తుంది. సెట్టింగ్ మెషీన్ ప్యానెల్ మీద 195 అని ఉండి, ఈ గుంట 180 దగ్గర వస్తే, గుడ్డకు 195 అసలు అందలేదని అర్థం. సెట్టింగ్ సరిగా జరిగిందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

సాంద్రత పరీక్ష కూడా మంచిదే. చిక్కుభాగం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.335 గ్రాములు, స్ఫటికానిది 1.455. నూలుకు 1.380 వస్తే ఘనపరిమాణంలో 37.5 శాతం స్ఫటికాలు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో, రాగి టార్గెట్ ఉన్న మెషీన్ మీద, 17.5, 22.5, 26 డిగ్రీల దరిదాపుల్లో మూడు శిఖరాలు చూడాలి. అవి సన్నబడి పదునెక్కితే స్ఫటికాలు పెద్దవయ్యాయి. శాంపిల్‌ను కల్వంలో నూరకండి, కత్తెరతో సన్నగా కత్తిరించండి. నూరితే స్ఫటికాలు దెబ్బతింటాయి.

స్టెంటర్ మీద

స్టెంటర్ అంటే గుడ్డ అంచులను క్లిప్పులతో పట్టి వేడిగాలి చాంబర్ల గుండా నడిపే మెషీన్. మొదట గుడ్డను సోడా, డిటర్జెంట్‌తో ఉతికి గంజి, ఆయిల్ తీసేయాలి. అవి ఉండగా సెట్ చేస్తే గుడ్డలోనే కాలి పసుపు మరకలవుతాయి. కాస్టిక్ మిగిలి ఉంటే ఇంకా ప్రమాదం, వేడికి గొలుసులే తెగి గుడ్డ బలం పోతుంది. పీహెచ్ 6–7 ఉండాలి.

ఒక్కోటి 3 మీటర్ల చాంబర్లు నాలుగు ఉంటే మొత్తం 12 మీటర్లు. నిమిషానికి 24 మీటర్ల వేగంతో గుడ్డ లోపల ఉండేది 30 సెకన్లు. అందులో మొదటి 10–15 సెకన్లు గుడ్డ వేడెక్కడానికే పోతాయి. తడిగా పంపితే ఇంకా ఎక్కువ పోతుంది. మిగిలిందే అసలు సెట్టింగ్. మందం గుడ్డకు వేడి పెంచకుండా వేగం తగ్గించండి. 185–195 డిగ్రీలు, 2–4 శాతం (గుడ్డను లాగకుండా అంత ఎక్కువగా లోపలికి వదిలే) ఓవర్‌ఫీడ్‌తో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. వేడికి రంగు మారే స్టిక్కర్లు గుడ్డ ఎడమ అంచున, మధ్యలో, కుడి అంచున అంటించి ఒకసారి నడపండి. మూడింటి మధ్య తేడా 3 డిగ్రీలు దాటితే షేడ్ మాట తర్వాత, ముందు నాజిల్, ఫిల్టర్ శుభ్రం చేయించండి. ఫిల్టర్‌లో పీచు పేరుకుంటే ఒక పక్క గాలి తగ్గుతుంది.

గుడ్డ క్లిప్పుల నుంచి వదిలేలోపు 60 డిగ్రీల కిందికి దిగాలి. వేడిగా రోల్ చుడితే లోపలి చుట్లు గంటల తరబడి చల్లారవు, పడ్డ మడత శాశ్వతంగా సెట్ అవుతుంది. దాన్ని తీయాలంటే మొదటిసారి కన్నా ఎక్కువ వేడితో మళ్లీ సెట్ చేయడం ఒక్కటే దారి. రోలర్ల మీద తెల్లటి పొడి కనబడితే అది పోగులోంచి బయటికి వచ్చిన ఒలిగోమర్, అంటే పొట్టి గొలుసుల పాలిస్టర్. వారానికొకసారి తుడిపించాలి, లేకుంటే ముదురు రంగు గుడ్డ మీద తెల్లటి మచ్చలు పడతాయి. అద్దకం తర్వాత సెట్ చేయాల్సి వస్తే 150–170 దాటకండి, రంగు ఆవిరై లేచి పక్క గుడ్డకు అంటుకుంటుంది.

నైలాన్, పాలీప్రొపిలీన్ నూలుకు ఈ అంకెలు పనికిరావు. నైలాన్ 6 సుమారు 220 దగ్గర కరుగుతుంది, వేడిగాలికి పసుపెక్కుతుంది. దానికి ఆవిరి మేలు. 110–130 డిగ్రీల ఆవిరిలో నీరు గొలుసుల మధ్య పట్టు సడలించడంతో, గామా రకం స్ఫటికాలు మరింత స్థిరమైన ఆల్ఫా రకంలోకి మారతాయి. పాలీప్రొపిలీన్‌ను నూలు తీసేటప్పుడు వేగంగా చల్లార్చి ఉంటే అందులో సగం కుదిరిన అమరిక మాత్రమే ఉంటుంది. 80 డిగ్రీలు దాటాక అది అసలు స్ఫటికంగా మారడం మొదలవుతుంది, 120–140 దగ్గర సెట్ చేస్తే చాలు. 165 దగ్గర కరిగిపోతుంది కాబట్టి పాలిస్టర్ నడిచిన స్టెంటర్ మీద దీన్ని ఎక్కించేముందు చాంబర్లు పూర్తిగా చల్లారాయో లేదో థర్మోకపుల్‌తో చూసుకోండి.