అంగోరా కుందేలు ఉన్ని కత్తిరించే ముందు జాగ్రత్తలు

హిమాచల్‌లోని కులు వైపు పెంచే జర్మన్ అంగోరాకు సుమారు 75–90 రోజులకోసారి ఉన్ని తీస్తారు. కత్తెర పట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఎండుగడ్డి ఎప్పుడూ గూట్లో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కుందేలు వాంతి చేసుకోలేదు. ఒళ్లు నాకుతూ మింగిన ఉన్ని గడ్డి పీచుతోనే ముందుకు కదలాలి. పెంటికలు చిన్నవైనా, వెంట్రుకతో పూసల్లా గుచ్చినట్టు వస్తున్నా గడ్డి పెంచి కనిపెట్టి ఉండండి. మేత ముట్టకపోతే మాత్రం కత్తిరింపు ఆపి, ఆ పూటే పశువైద్యుడికి చూపించండి.

• స్నానం వద్దు. తడిస్తే ఉన్ని అట్టకడుతుంది.

• చర్మం చాలా పలచన. చిక్కుపడిన ఉన్ని ఉండను పట్టి లాగితే చర్మం కూడా గుడారంలా లేస్తుంది, కత్తెర సరిగ్గా అక్కడే పడుతుంది. ఎడమ చేత్తో చర్మాన్ని చదునుగా సాగదీసి, కత్తెరను ఒంటి వెంబడే నడపండి. ఆడ కుందేలైతే చనుమొనలు ఎక్కడున్నాయో ముందే వేలితో తడిమి చూసుకోవాలి, పాపం అవి ఉన్నిలో అసలు కనబడవు.

• చెవులు పట్టి ఎత్తొద్దు.

• ఉన్ని పోయాక చలి, ఆకలి రెండూ పెరుగుతాయి. పొడిగడ్డి పరుపు, గాలికి అడ్డంగా గోనెపట్టా ముందే సిద్ధం చేయండి. మేత కొంచెం కొంచెంగా పెంచండి.